మహేందర్ మాట్లాడిన చోటు

ఏడాది మాసికం నాడు భూమవ్వ కొడుకు ఫొటో ముందు విస్తరి వేసి అన్నం, మటన్ కూర, పచ్చిపులుసు వడ్డించింది. వాడికి ఇష్టమని బస్టాండు దగ్గరి బండి మీద నుంచి తెప్పించిన మిర్చిబజ్జీలు ఒక పక్కన పెట్టింది. ఊదుబత్తి వెలిగించి, అందరినీ బయటికి పంపి, తానూ వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

పోయినవాళ్లు తినేటప్పుడు ఉన్నవాళ్లు చూడకూడదు. బోధన్‌లో వాళ్ల వాడకట్టు అంతటా అదే పద్ధతి. తలుపు బయట మాట్లాడకుండా నిలబడాలి. లోపలివాళ్ల కడుపు నిండి ఉంటుందని మనసుకు అనిపించాక, ఒకసారి దగ్గి, అప్పుడు తలుపు తీయాలి. చెప్పాపెట్టకుండా తీస్తే తింటున్నవాళ్లు సగంలో లేచిపోతారట.

ఎండ నడినెత్తికి వచ్చింది. చుట్టాలు ఆకలి మీద ఉన్నారు. కూతురు రోజా తలుపు మీద చెయ్యి వేయబోయింది.

"ఆగు," అంది భూమవ్వ. "వాడు నిమ్మళంగ తింటడు."

అది నిజమే. మహేందర్ ఉన్నప్పుడు చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కంచం ముందు కూర్చుని, ఎటో చూస్తూ మెతుకు మెతుకు తినేవాడు. అన్నం చల్లారిపోయి ముద్దకట్టేది. చెల్లెలు తిని, కంచం కడిగి, పుస్తకాల సంచి సర్దుకుని బడికి బయల్దేరినా అన్న ఇంకా చారు దగ్గరే ఉండేవాడు.

చాలాసేపటికి భూమవ్వ దగ్గి తలుపు తీసింది. విస్తరి ముందు కూర్చుని వంగి చూసింది. బజ్జీలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూతురికి మాత్రమే వినపడేటట్టు అంది.

"వాని గొంతు ఎట్లుంటుండెనో నాకు యాదికి వస్తలేదు రోజా. మొఖమైతే ఫొటోల ఉంది. గొంతు యాడుంది చెప్పు?"

ఇంట్లో పెద్ద ఫోను అన్న దగ్గర ఒక్కటే ఉండేది. పోయినేడు చెరకు కొట్టే రోజుల్లో, మునిమాపు వేళ, వెనక ఎర్ర లైటు లేకుండా రోడ్డు పక్కన ఆగి ఉన్న చెరకు ట్రాక్టరు ట్రాలీకి అన్న బండి గుద్దుకుంది. అన్నతో పాటు చొక్కా జేబులోని ఫోనూ పోయింది. భూమవ్వది నొక్కుల ఫోను. దాంట్లో మాటలు వచ్చిపోతాయి కానీ నిలవవు. ఈ ఏడాదిలో తల్లీకూతుళ్లు తెలిసినవాళ్ల పెళ్లి వీడియోలన్నీ అడిగి అడిగి చూశారు. ఒక్కదాంట్లో మహేందర్ కనిపించాడు. రెండు చేతుల్లో కుర్చీలు పట్టుకుని నోరు మూసుకుని పోతున్నాడు.

మాసికానికి వచ్చిన శ్రావణ్ అందరూ తిన్నాక చివరి వరుసలో కూర్చుని తిన్నాడు. నిజామాబాద్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తాడు. మహేందర్, అతను, డిచ్‌పల్లి యూనివర్సిటీలో చదివే వినీత, ముగ్గురూ కలిసి ఒక బ్యాండు పెట్టుకున్నారు. పేరు 'పిప్పి'. రసం పిండేశాక మిగిలే చెరకు పిప్పి అని వాళ్ల లెక్క. ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు భూమవ్వ, "పెట్టుకునేటందుకు ఇంకే పేరు దొర్కలేదా కొడకా, పిప్పి పన్నా?" అని కొడుకుని వారం రోజులు ఏడిపించింది.

వాళ్ల పాటలో పాట ఉండదు. తుక్కు ఇనుము మీద రుద్దిన మోత, మోటార్ల హోరు, గాలి, నీళ్లు. వాటినే సాగదీసి సాగదీసి, ఒకదాంట్లోంచి ఇంకొకటి పుట్టేటట్టు గంటసేపు వినిపిస్తారు. వాళ్ల సంగతి నిజామాబాద్‌లో పదిమందికి కూడా తెలియదు. హైదరాబాద్ నుంచి మాత్రం ఎవరెవరో వచ్చి విని పోయేవాళ్లు. మహేందర్‌కు ఈ పిచ్చి చిన్నప్పుడే పట్టింది. బాపు రామస్వామి చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. కొడుకుని భుజాల మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోతే, వాడు మిషన్ల దగ్గర చెవులు మూసుకోకుండా నవ్వేవాడట. ఫ్యాక్టరీ మూతపడింది. కొన్నేళ్లకు బాపూ పోయాడు. మహేందర్ చేతిలోకి సబ్బుబిళ్లంత రికార్డర్ వచ్చింది.

చెయ్యి కడుక్కుని శ్రావణ్ భూమవ్వ ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"అవ్వా, వచ్చే ఐతారం సాయంత్రం నిజామాబాద్‌ల మహేందర్ యాదిల ఒక ప్రోగ్రాం పెట్టినం. అన్ని వాడు రికార్డ్ చేసినవే వినిపిస్తం. మీరిద్దరు రావాలె."

"వాడు రికార్డ్ చేసినవంటే ఏంటియి బిడ్డా?"

"ఫ్యాక్టరీ గోడ కాడియి, కాలువ కాడియి, మీ ఇంట్లయి గుడ ఉన్నయి."

భూమవ్వ తల ఊపింది. అతను బండి ఎక్కి సందు మలుపు తిరిగేదాకా రోజా ఒక్క మాట మాట్లాడలేదు. మగపిల్లలతో మాట్లాడాలంటే ఆమెకు నాలుక మడత పడుతుంది. అతను పోయాక తల్లి పక్కన చతికిలబడి నెమ్మదిగా చెప్పింది.

"అవ్వా, అన్న గొంతు ఉంటది అండ్ల."

భూమవ్వ చేతిలోని గిన్నె కింద పెట్టింది.

"ఎట్ల?"

"రికార్డ్ చేసే ముంగట అన్న ఆ డబ్బను నోటి కాడ పెట్టుకొని జాగ పేరు చెప్తుండె. కోటగిరి కాలువ, తూము కాడ, పొద్దుగాల. గట్ల. ప్రతిసారి చెప్తుండె. నేను మస్తుసార్లు సూసిన."

"నిజమేనా? నా మీద ఒట్టు?"

"నీ మీద ఒట్టు."

ఆ వారమంతా భూమవ్వ చేతులు ఆగలేదు. ఆదివారం పని పెట్టుకోకూడదని తెల్లారకముందే లేచి బీడీల చాట ముందర కూర్చునేది. తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, దారం కట్టేది. మధ్య మధ్యలో తల ఎత్తి, "జాగ పేరు చెప్పినంక ఇంకేమన్న అంటుండెనా?" అని అడిగేది. రోజా గుర్తు తెచ్చుకుని చెప్పేది. ఒక్కొక్కప్పుడు తుమ్మేవాడు. ఒక్కొక్కప్పుడు కుక్కను తిట్టేవాడు. "తిట్టినా మంచిదే," అనేది భూమవ్వ.

ఆదివారం నాడు కొడుకు కొనిచ్చిన ఆకుపచ్చ చీర కట్టుకుంది. బస్సులో పక్క సీటు ఆవిడ ఎక్కడికని అడిగితే, "మా పిలగాడు మాట్లాడ్తడంట, ఇననీకి పోతున్నం," అని చెప్పింది.

"మంచిగైంది. ఏడుంటడు మీ పిలగాడు?"

భూమవ్వ కిటికీ వైపు తిరిగింది. రోజా తన కాళ్ల వైపు చూసుకుంది.

ప్రోగ్రాం పెట్టింది గంజ్ మార్కెట్ వెనక ఒక పసుపు గోదాములో. సీజను కాదు కాబట్టి బస్తాలు లేవు, కానీ గోడలకూ నేలకూ పసుపు పట్టేసి ఉంది. గాలి పీలిస్తే గొంతులో గరగర. రేకు షట్టరు సగం ఎత్తి ఉంది. బయట అరుగు మీద హమాలీలు కూర్చుని వైర్లు పరుస్తున్న వినీతను చూస్తున్నారు. వాళ్లలో ముత్యం అనే పెద్దాయనకు ఊరుకోబుద్ధి కాలేదు.

"పెండ్లి డీజేనా బిడ్డా?"

"కాదన్నా."

"మరి డాన్సు ఎవలు చేస్తరు?"

"ఎవలు చెయ్యరు. కూసొని వింటరు."

"గదేం డీజే తల్లీ. జర మంచి పాట ఒకటన్న ఎయ్యుండ్రి."

వినీత నవ్వి, భూమవ్వను చూసి లేచి వచ్చి చెయ్యి పట్టుకుంది. "రండి ఆంటీ, మీకు ముందట కుర్చీలు ఏసిన."

హైదరాబాద్ నుంచీ యూనివర్సిటీ నుంచీ వచ్చినవాళ్లు నల్ల చొక్కాలతో గోనెపట్టాల మీద కూర్చున్నారు. కొందరు వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకున్నారు. భూమవ్వ వాళ్లను ఎగాదిగా చూసి కూతురి చెవిలో అడిగింది. "పానం బాగలేదా ఈళ్లకు?"

"గట్లనే ఇంటరంట అవ్వా."

"నిద్రపోతే ఏమినపడ్తది?"

గోదాము మధ్యలో ఒక బల్ల. దాని మీద వినీత లాప్‌టాప్, మీటలున్న పెట్టె. పక్కన తాళ్లతో వేలాడదీసిన పెద్ద ఇనప రేకు, తుప్పు పట్టి ఎర్రగా ఉంది. రేకు వెనక బొత్తామంత మైకు అతికించారు. రెండు మూలల్లో మనిషెత్తు నల్లటి స్పీకర్లు. దండ వేసిన ఫొటో ఎక్కడా లేదు. భూమవ్వ దానికోసం వెతుక్కుంది కానీ ఏమీ అనలేదు.

మొదలైనట్టు కూడా తెలియలేదు. ముందు కాళ్ల కింద నేల సన్నగా వణికింది. ఆ వణుకు కుర్చీలోకి ఎక్కి, కడుపులోకి ఎక్కి, చివరికి చెవికి చేరింది. మూతపడ్డ ఫ్యాక్టరీ రేకుల్లోంచి గాలి దూరుతున్న చప్పుడది. రోజా గుర్తుపట్టింది. ఆ గోడ పక్కనుంచి నడిచినవాళ్లెవరైనా గుర్తుపడతారు. శ్రావణ్ ఆకురాయి తీసుకుని ఇనప రేకు మీద మెల్లగా, చాలా మెల్లగా గీశాడు. దెబ్బ తగిలిన బర్రె మూలిగినట్టు ఆ మోత గోడల వెంబడి తిరిగింది.

భూమవ్వ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, మెడ ముందుకు చాచి వింటోంది. ఆమె మోత వినడం లేదు. మోత వెనక ఎవరైనా ఉన్నారా అని చూస్తోంది.

గాలి సన్నబడింది. నీళ్లు వచ్చాయి.

"కాలువ," అంది రోజా. "ఇప్పుడు చెప్తడు."

నీళ్లు వచ్చాయి, పోయాయి. ఎవరూ ఏమీ చెప్పలేదు. తరువాత రైలు గేటు గంట. తరువాత ఏదో మిల్లు బెల్టు టపటప. ప్రతి చప్పుడూ ఉన్నట్టుండి తనంతట తానే మొదలవుతోంది. ముందు పేరు లేదు, ఊరు లేదు, దగ్గు లేదు. చప్పుడు మారినప్పుడల్లా భూమవ్వ కుర్చీ అంచుకు జరిగి కూతురి మోకాలు పట్టుకుంటోంది. మళ్లీ వదులుతోంది. ఒట్టు వేసింది రోజానే. పక్కకు తిరిగి తల్లి మొహం చూసే ధైర్యం లేక, ఇనప రేకు మీది తుప్పునే చూస్తూ కూర్చుంది.

అప్పుడు కిర్రు, కిర్రు అని వినపడింది. కత్తెర. దాని మీద ఇంకో కత్తెర, ఇంకోటి. తునికాకు కత్తిరించే చప్పుడు ఆ స్పీకర్లలో వానలాగా పెద్దదై గోదామంతా నిండింది. కళ్లు మూసుకున్నవాళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నారు. వాళ్లకది ఏ చప్పుడో తెలిసి ఉండదు. తల్లీకూతుళ్లకు తెలుసు. అది వాళ్ల ఇంటి వసారా.

వానలోంచి భూమవ్వ గొంతు వచ్చింది.

"ఓ మహేందరూ. అన్నం సల్లారుతుంది రా."

కుర్చీలో ఉన్న భూమవ్వ ఉలిక్కిపడింది. స్పీకర్లో ఏమీ లేదు. కత్తెరలు కూడా లేవు. పసుపు గాలి, ఎవరిదో ఊపిరి, అంతే. ఆ ఖాళీ చాలాసేపు ఉంది. ఒక మనిషి ఒక మాట అని, మాట మీద ఇంకో మాట తగిలించేంత సేపు.

ఆ తరువాత స్పీకర్లో భూమవ్వ నవ్వింది.

గలగలమని, ఆగలేక, మధ్యలో దగ్గు వచ్చేంతగా నవ్వింది. ఈ ఏడాదిలో రోజా ఆ నవ్వు వినలేదు. మళ్లీ కత్తెరలు మొదలై, దూరమై, వాటి కింది నుంచి ఫ్యాక్టరీ గాలి లేచి, అదీ సన్నబడి ఆగిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పడుకున్నవాళ్లు పడుకునే ఉన్నారు. ఒకమ్మాయి కళ్లు తుడుచుకుంటోంది.

భూమవ్వ లేచి, పడుకున్నవాళ్ల కాళ్లు తగలకుండా చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని బల్ల దగ్గరికి నడిచింది. రోజా వెనకే వెళ్లింది.

"బిడ్డా శ్రావణ్. నేను నవ్వే ముంగట వాడు ఏమో అన్నడు కద?"

శ్రావణ్ చేతిలో ఆకురాయి అలాగే ఉంది. "అవునవ్వా."

"మరి అదేది?"

"తీసేసినం."

భూమవ్వకు అర్థం కాలేదు. వినీత వైపు చూసింది, మళ్లీ అతని వైపు చూసింది.

"అది మా పద్ధతవ్వా," అన్నాడు శ్రావణ్. "రికార్డ్ చేసేటోని గొంతు అండ్ల ఉండొద్దు. జాగల ఉన్నోళ్ల గొంతు ఉండొచ్చు, డబ్బ పట్టుకున్నోనిది ఉండొద్దు. మహేందరే పెట్టిండు ఆ రూలు. ఓపారి నా దగ్గు పడ్డదని రెండు దినాలు నాతోని మాట్లాడలే. అందుకనే ఇప్పుడు వాడు లేకున్నా వాడు చేసినట్టె ఉండాలని, నెల రోజులు కూసొని అన్నిట్ల ఎతికి ఎతికి తీసిన. జాగ పేరు చెప్పేది, తుమ్మేది, అన్ని. ఒక్కటి గుడ ఇడిసిపెట్టలే." చివరి మాట అంటున్నప్పుడే తను ఏం చేశాడో అతనికి అర్థమైనట్టుంది. ఆకురాయి బల్ల మీద పెట్టాడు.

"డబ్బల మెమొరీ కార్డుల ఉంటది కద?"

ఆ అడిగింది ఎవరా అని ముగ్గురూ చూశారు. రోజా.

వినీత తల వంచుకుంది. "కార్డు ఒక్కటే ఉండె రోజా. సాఫ్ చేసినవి ఈ లాప్‌టాప్‌ల ఏసుకొని దాన్ని ఖాళీ చేసినం. ఇయ్యాల్టి ప్రోగ్రాం దాని మీదనే రికార్డ్ చేసినం."

బయట హమాలీలు దేనికో నవ్వుకుంటున్నారు. భూమవ్వ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. కోపం తెచ్చుకోలేదు. కోపం వచ్చినా బాగుండేదని రోజాకు అనిపించింది.

"పోనీ తీసేటప్పుడు నువ్వు ఇన్నవు కద బిడ్డా. ఏమన్నడో నోటితోనన్న చెప్పు."

శ్రావణ్ మొహం అటు తిప్పుకున్నాడు. "వినలే అవ్వా. గొంతు తెర మీద గీతల్లెక్క కనపడ్తది. వాని గీతలు నేను గుర్తుపడ్త. అవి రాంగనే సౌండు బంద్ చేసుకొని, సూసుకుంట నొక్కేసిన. వింటుంటే నాతోని కాలే."

భూమవ్వ చెయ్యి ఎత్తి అతని భుజం మీది పసుపు దుమ్ము దులిపింది.

"నువ్వు గుడ ఇనలేదా," అంది. "నాకు గుడ యాదికి లేదు. వాడు దినాం ఏదో ఒకటి అంటుండె, నేను నవ్వుతుంటి. ఇది రేపటికి దాసిపెట్టుకోవాలని ఎవలనుకుంటరు?"

తరువాత భూమవ్వ ఏదో గుర్తొచ్చినట్టు అడిగింది.

"నడిమిట్ల ఆ ఖాళీ ఉంది సూడు. అది వాడు మాట్లాడినంత సేపే ఉందా? దగ్గరికి జరిపినవా?"

"జరపలే. జరిపితే మొత్తం లయ పోతది. వాడు ఎంతసేపు మాట్లాడిండో అంతే ఉంది."

"అయితే అది ఇంకోపారి పెట్టు. పెట్టి, అందరం బయటికి పోదాం. తలుపు దగ్గరెయ్యి."

వినీతకు అర్థం కాలేదు. శ్రావణ్‌కు అయింది. వారం కిందట ఆ ఇంటి వాకిట్లో ఎండలో నిలబడ్డవాళ్లలో అతనూ ఒకడు. గోనెపట్టాల మీద ఉన్నవాళ్లను ఒక్కొక్కరినీ లేపి బయటికి పంపాడు. వాళ్లు చెప్పులు వెతుక్కుంటూ, ఒకరినొకరు కళ్లతో అడుగుతూ వచ్చి అరుగు పక్కన నిలబడ్డారు. చివరికి శ్రావణ్ లోపల ఏదో నొక్కి, గబగబా బయటికి వచ్చి షట్టరు కిందికి దించాడు.

పొద్దు వాలుతోంది. గంజ్ మీద పావురాలు తిరుగుతున్నాయి.

"ఏమైందే, కరెంటు పోయిందా?" అన్నాడు ముత్యం.

"కాదు," అని రోజా అతనికి తలుపు వైపు చూపించింది. "లోపట మా అన్న ఉన్నడు."

ముత్యం ఆమెనూ, తలుపుకు ఎదురుగా కొంగు నిండా కప్పుకుని నిలబడ్డ భూమవ్వనూ చూశాడు. ఇంకేమీ అడగలేదు. తల మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకుని లేచి నిలబడ్డాడు. అతన్ని చూసి మిగతా హమాలీలు లేచారు.

షట్టరు వెనక కత్తెరలు కురిశాయి. బయటికి వచ్చేసరికి ఆ చప్పుడు అంత పెద్దగా లేదు, సరిగ్గా వసారాలో ఉన్నంతే ఉంది.

"ఓ మహేందరూ. అన్నం సల్లారుతుంది రా."

ఖాళీ వచ్చింది. శ్రావణ్ షట్టరు మీద నుదురు ఆనించి కళ్లు మూసుకున్నాడు. భూమవ్వ కదల్లేదు. పెదవులు కూడా కదపలేదు. కొడుకు మాటకు అడ్డం రాకూడదని కాబోలు.

లోపల, ఎవరూ లేని గోదాములో, భూమవ్వ గలగలా నవ్వింది.

కత్తెరలు దూరమయ్యాయి. గాలి లేచి, సన్నబడి, ఆగింది. ఇంకేమీ మిగల్లేదు. భూమవ్వ దగ్గుతుందేమోనని రోజా ఎదురుచూసింది. ఆమె దగ్గలేదు. శ్రావణ్ వంగి షట్టరు కొక్కెం పట్టుకుని తల తిప్పి చూశాడు.

"తియ్యాల్నా అవ్వా?"

"జర ఆగు బిడ్డా," అంది భూమవ్వ. "వానికి నిమ్మళమెక్కువ."